గోడ తాగినన్ని నీళ్ళు

మా బావని ఎవరూ పేరు పెట్టి పిలవరు. రసమట్టం అంటారు. గోడ సమంగా ఉందో లేదో చూసుకోవడానికి మేస్త్రీలు వాడే పరికరం అది. గాజుగొట్టంలో కాస్త పచ్చటి నీళ్ళు, అందులో ఒక గాలిబుడగ. బుడగ మధ్యలో నిలిస్తే గోడ బుద్ధిగా ఉన్నట్టు, పక్కకి జరిగితే దానికి బుద్ధి చెప్పాల్సి ఉన్నట్టు. జానెడు రసమట్టం ఒకటి బావ జేబులో ఎప్పుడూ ఉంటుంది. ఎవరింటికి వెళ్ళినా ముందు దాన్ని తీసి బల్ల మీద పెట్టి చూసుకున్నాకే కూర్చుంటాడు. మా అక్కని అడగడానికి ఇంటికొచ్చిన రోజునే మా భోజనాల బల్లకి ఒక కాలు పొట్టిదని తేల్చేశాడు. మా నాన్న ఆ కాలి కింద అట్టముక్క ఒకటి దోపి, "ఈ అబ్బాయి మనింటికి పనికొస్తాడు" అన్నాడు. ఆ సంబంధం అలా కుదిరింది.

నేను ఆయన మరదల్ని. కాబట్టి ఆయన గురించి పక్షపాతం లేకుండా చెప్పలేను, చెప్పే ఉద్దేశమూ లేదు. నాకు సైకిలు నేర్పింది బావే. నేను పడ్డప్పుడల్లా పరుగున వచ్చి, ముందు సైకిలు చక్రం వంకరపోయిందేమో చూసి, ఆ తర్వాత నన్ను లేపేవాడు. ఇప్పుడు నేను మందుల షాపులో పనిచేస్తున్నాను. వీధిలో సగం మంది నన్ను అడిగిగాని దగ్గు మందు కూడా తాగరు. బావ మాత్రం, "నువ్వు చెప్పేదేంటే, నిన్నగాక మొన్న ముక్కు తుడుచుకోవడం నేర్చుకున్నావు" అంటాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని పెద్దలు ఊరికే అన్నారా.

ఆయన పని పైకప్పులకి పూత పెట్టడం. గోడలు ఎవరైనా పూస్తారు, పైకప్పు అందరికీ లొంగదు. తల వెనక్కి వాల్చి, చెయ్యి పైకెత్తి, మాలు జారి మొహం మీద పడేలోపల తాపీతో సర్దెయ్యాలి. మాలు అంటే ఇసుక, సిమెంటు, నీళ్ళు కలిపిన ముద్ద. దాన్ని కలిపే ఆవిడని పనిలో అందరూ పిన్ని అంటారు. బావతో ఆవిడ ఎన్నేళ్ళుగా పనిచేస్తోందో ఇద్దరికీ గుర్తులేదు. రోజూ ఇద్దరికీ నీళ్ళ దగ్గరే గొడవ. పిన్ని మగ్గు ఎత్తిందంటే చాలు, పైనుంచి బావ గొంతు వినపడుతుంది. "చాలు పిన్నీ. మనం కలిపేది మాలు, కాఫీ కాదు."

మాలులో నీళ్ళు ఎక్కువైతే పస పోతుందని, ఆ పూత ఆరాక పళ్ళికిలిస్తుందని బావ సిద్ధాంతం. నిజానికి అది ఆయన సిద్ధాంతం కాదు, ఆయన అన్నయ్యది. పని నేర్పింది ఆ అన్నయ్యే. ఆయన గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే మా అక్క పట్టుదల మీకు అర్థం కాదు.

పెద్ద మేస్త్రీగారంటే మాకందరికీ హడలు, ఆయన చేతిపని అంటే మహా ఇష్టం. బావకి ఇప్పుడున్న వయసులోనే, ఒక కట్టడంలో సారవ మీద పనిచేస్తూ, తాపీ చేతిలో పట్టుకునే అలా కూర్చుండిపోయారు. సారవ అంటే మేస్త్రీలు ఎక్కి నిలబడటానికి కర్రలతో, పలకలతో కట్టే ఎత్తైన మంచె. ఆ రోజు అన్నాల క్యారేజీ పట్టుకెళ్ళింది మా అక్క. కిందనుంచి పిలిచింది, పలకలేదు. అలసి కూర్చున్నారనుకుని మళ్ళీ పిలిచింది. ఆ తర్వాత తెలిసింది, వారం రోజులుగా ఆయన గుండెలు రుద్దుకుంటూనే ఉన్నారని, అడిగినవాళ్ళకల్లా "ఏం లేదు, అజీర్తి" అని చెప్పారని. ఆ రోజు తర్వాత అక్క మళ్ళీ ఏ కట్టడం గడపా తొక్కలేదు. బావ క్యారేజీ బావే పట్టుకెళ్తాడు.

ఇక అసలు కథ. పాత గ్రంథాలయంలో పెద్ద చదువుల హాలు ఉంది. దాని పైకప్పు నడిమధ్య బండిచక్రమంత పువ్వు, పొరలు పొరలుగా రేకులు. అది పెద్ద మేస్త్రీగారు చేసిన పువ్వు. ఆయన పోయాక, కప్పు కారి, సగం రేకులు ఊడి కిందపడ్డాయి. హాలంతా బాగుచేయించాలని గ్రంథాలయం వాళ్ళు బావని పిలిచారు. ఆ కబురు చెప్పడానికి బావ మా షాపుకి వచ్చిన తీరు చూస్తే, ఎవరో ఆయన్ని మంత్రిని చేశారనుకోవాలి. "అన్నయ్య పువ్వు నేనే నిలబెడతాను" అన్నాడు, కౌంటరు మీద రసమట్టం పెట్టి. మా కౌంటరు కొంచెం ఎడమకి వాలి ఉందని కూడా అన్నాడు.

ఎత్తు మీద పనిచేసేవాళ్ళందరికీ ముందు పరీక్షలు చేయించాలని గ్రంథాలయం వాళ్ళ నియమం. మా షాపు మేడ మీదే డాక్టరమ్మ ఉంటుంది. నిదానమైన మనిషి, కళ్ళజోడు పైనుంచి చూస్తూ మాట్లాడుతుంది. బావని పరీక్షించి, రక్తపోటు బాగుంది, చక్కెర బాగుంది, గుండె ఈసీజీ పటం బాగుంది, కొలెస్ట్రాల్ మాత్రం ఉండాల్సిన దానికన్నా బాగా పైన ఉంది అంది. అందులోనూ చెడ్డదే ఎక్కువట. వెన్న బిస్కెట్లు, పొద్దున్న వేపిన గుడ్లు, సాయంత్రం వేపుడు మాంసం లేనిదే ముద్ద దిగని మనిషికి ఇంకేముంటుంది. "మీ ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు ఉందా?" అని ఆవిడ అడిగింది. బావ నోరు విప్పేలోపు అక్క, "వాళ్ళ అన్నగారు" అంది.

డాక్టరమ్మ మాత్ర రాస్తానంది. బావ వద్దన్నాడు. మాత్ర మొదలుపెడితే ముసలితనం మొదలుపెట్టినట్టేనని ఆయన లెక్క. ప్రకృతి ఇచ్చినదేదైనా ఉంటే చెప్పండి, అది ఎంతైనా తింటానన్నాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను, ఊరుకోలేకపోయాను.

"గన్నేరు పప్పు కూడా ప్రకృతి ఇచ్చిందే బావా."

డాక్టరమ్మ నవ్వింది. కాసేపు ఆలోచించి, మూడు నెలలు చూద్దామంది. తిండి మార్చాలి, రోజూ నడవాలి, ఇసబ్గోల్ పొట్టు తాగాలి. అది గింజల మీద ఉండే తెల్లటి తేలికైన పొట్టు. కడుపులోకి వెళ్ళి జిగురులా ఉబ్బి, కొవ్వుని అరిగించే పిత్తరసాన్ని కొంత పట్టుకుని బయటికి లాక్కుపోతుంది. మళ్ళీ పిత్తరసం తయారుచేసుకోవడానికి శరీరం రక్తంలో ఉన్న కొలెస్ట్రాల్ వాడుకుంటుంది. "కొండలు పిండి చేసే మందు కాదు, కొంచెం దించుతుంది. మొదట ఒక్క చెంచాతో మొదలుపెట్టండి, పెద్ద గ్లాసు నిండా నీళ్ళలో కలిపి వెంటనే తాగెయ్యండి. మూడు నెలల తర్వాత అంకె దిగకపోతే మాత్రే" అంది.

మెట్లు దిగుతూ అక్క తన షరతు తాను పెట్టింది. "అంకె దిగేదాకా మీ కాళ్ళు నేల మీదే ఉండాలి. సారవ ఎక్కడానికి వీల్లేదు."

"మరి పువ్వు?"

"అంకె దిగితే మీరు చెయ్యండి. దిగకపోతే పొడుగాయన చేస్తాడు."

పొడుగాయన బావ దగ్గర పని నేర్చిన మేస్త్రీయే, మంచి పనివాడే. కానీ అన్నయ్య పువ్వుని ఇంకొకరు ముట్టుకుంటారన్న మాట బావకి మింగుడు పడలేదు. అక్కతో వాదించి గెలిచినవాడు ఇంతవరకు పుట్టలేదని ఆయనకి తెలుసు కాబట్టి, సరే అన్నాడు.

ఆ తర్వాత గ్రంథాలయం హాల్లో పనిచేసినవాళ్ళ కష్టం నేను వర్ణించలేను. బావ కింద నిలబడి, ఒక చేతిలో టార్చిలైటు, ఇంకో చేతిలో పొడుగాటి కర్ర పట్టుకుని, పైన ఉన్నవాళ్ళని పని చెయ్యనిచ్చేవాడు కాదు. "అక్కడ కాదు, దాని పక్కన. ఆ పక్కన కాదు, ఈ పక్కన." పొడుగాయన ఒకసారి సారవ మీదనుంచి దిగొచ్చి తాపీ ఆయన చేతిలో పెట్టి, "మేస్త్రీగారూ, మీరు పైన ఉన్నప్పుడే మాకు ప్రశాంతంగా ఉండేది" అన్నాడు. పిన్ని మాత్రం సంతోషంగా ఉంది. పైనుంచి కేకలు లేవు కాబట్టి మాలులో తనకి కావలసినన్ని నీళ్ళు పోసుకుందామనుకుంది. తీరా చూస్తే బావ మాలు కలిపే ఇనప గమేళా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ఇంట్లో అక్క పొద్దున్నే ఓట్స్ కాచి ఇస్తే, "ఇది సిమెంటు పాలలా ఉంది, గోడకి కొట్టనా, నేను తాగనా" అని గొణుగుతూ తాగేవాడు. తర్వాత పెద్ద గ్లాసులో ఇసబ్గోల్. అక్క ఎదురుగా కూర్చుని గ్లాసు ఖాళీ అయ్యేదాకా కదిలేది కాదు. ఆ గ్లాసెడు నీళ్ళ మీదే బావకి అనుమానం. చెంచాడు పొట్టుకి అన్ని నీళ్ళా? నీళ్ళు ఎక్కువైతే పస పోతుందని పుట్టినప్పటినుంచీ వింటున్న మనిషాయె. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

ఒకరోజు మధ్యాహ్నం షాపులో జనం లేని వేళ బావ వచ్చాడు. మొహం తేలు కుట్టిన దొంగలా ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గొంతు గీసుకుపోయింది.

"గొంతుకి ఏదైనా సిరప్ ఇవ్వు మరదలా."

"జలుబా?"

"ఆ, జలుబే."

"ముక్కు కారడం లేదే."

"ఇంకా మొదలవలేదు."

నా ఉద్యోగం ఇలాంటివాళ్ళతోనే. అబద్ధం చెప్పేవాళ్ళు మందు పేరు గట్టిగా అడుగుతారు, రోగం పేరు చిన్నగా చెబుతారు. సిరప్ సీసా తీసి నా వైపే పెట్టుకుని, "ఏం మింగావో చెబితే ఇస్తాను" అన్నాను. బావ అటూ ఇటూ చూశాడు. పిన్ని బయట గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఆవిడ ఎందుకొచ్చిందా అనుకుంటుండగానే లోపలికొచ్చేసింది.

"నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా మేస్త్రీ?"

ఆవిడే చెప్పింది. బావ ఇంట్లో తాగేది చాలదని, అంకె తొందరగా దించాలని, పొట్టు డబ్బా ఇంకోటి కొని పనిముట్ల సంచిలో దాచాడట. ఆ రోజు గమేళా పక్కన కూర్చుని, గిన్నెలో రెండు పెద్ద చెంచాల పొట్టు పోసి, నీళ్ళు చిలకరించినట్టు చిలకరించి, తాపీకి పట్టేంత గట్టిగా ముద్ద చేశాడట. ముద్దని చూసి, "ఇదీ పాకం అంటే" అని మురిసిపోయి, గుటుక్కున మింగాడట. అది గొంతులో దిగుతూ దిగుతూ ఉబ్బింది. మింగలేక కక్కలేక మనిషి గింజుకుంటుంటే, పిన్ని పార వదిలేసి పరుగెత్తుకొచ్చి, ఆయన్ని ముందుకి వంచి, రెండు భుజాల మధ్య అరచేత్తో గట్టిగా చరిచిందట. ముద్ద ఊడి వచ్చి ఇసుకలో పడింది. "నా చేతిదెబ్బ రాళ్ళు పగలగొట్టిన దెబ్బ కాబట్టి సరిపోయింది" అంది పిన్ని. అని, ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆవిడ అలా ఒత్తుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

నాకు ఎంత కోపమొచ్చిందో, అంత భయం కూడా వేసింది. డబ్బా మీద అక్షరాలా రాసి ఉంటుంది, తగినన్ని నీళ్ళు లేకుండా మింగితే గొంతుకి అడ్డం పడుతుందని. నేనూ చెప్పాను. డాక్టరమ్మా చెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

"మీ అక్కకి మాత్రం చెప్పకే," అన్నాడు బావ. "నీకు పుణ్యముంటుంది. ఏం కాలేదు కదా."

నేను ఆయన ఎదురుగానే అక్కకి ఫోన్ చేశాను.

అక్క బట్టలు కుడుతుంది. మిషను దగ్గర్నుంచి లేచినదల్లా మెడలో కొలతల టేపుతోనే వచ్చేసింది. అప్పటికి మేం డాక్టరమ్మ గదిలో ఉన్నాం. ఆవిడ బావ గొంతులో దీపం వేసి చూసింది, నీళ్ళు తాగించి చూసింది, గుండె, ఊపిరి విన్నది. లోపల ఏమీ మిగల్లేదంది. "ఇంకొంచెం గట్టిగా ఇరుక్కుని ఉంటే ఆసుపత్రికి పరుగెత్తాల్సి వచ్చేది. ఇది నీళ్ళు తాగి ఉబ్బే వస్తువు. గ్లాసులో నీళ్ళు లేకపోతే మీ గొంతులో తడిని లాక్కుని అక్కడే ఉబ్బుతుంది" అంది. ఎక్కువ తింటే తొందరగా అంకె దిగదని, కడుపు బిగిసిపోతుందని కూడా అంది. అప్పుడు బావ మెల్లిగా జేబులోంచి ఇంకో సీసా తీసి బల్ల మీద పెట్టాడు. పనిలో ఎవరో ఇచ్చారట. సీసా మీద ఆకు బొమ్మ తప్ప వివరం లేదు.

"ఇది వేసుకున్నారా?"

"ఇంకా లేదండి. పొట్టు అయ్యాక చూద్దామనుకున్నా."

"ఆకు బొమ్మ వేసినంత మాత్రాన మందు కాకుండా పోదు. కొలెస్ట్రాల్‌కని అమ్మే ఇలాంటి కొన్నిటిలో నేను రాసే మాత్రలో ఉండే గుణమే ఉంటుంది, ఎంత ఉందో మాత్రం ఎవరూ చెప్పరు. కండరాలకీ కాలేయానికీ దెబ్బ తగలొచ్చు. ఏది నోట్లో వేసుకోవాలన్నా ముందు నాకు చూపించండి" అని ఆవిడ సీసాని సొరుగులో పడేసింది.

ఇంతసేపూ అక్క నోరు మెదపలేదు. అక్క అరిస్తే మాకు ధైర్యంగా ఉంటుంది. ఊరుకుంటే భయం. చివరికి టేపు మెడలోంచి తీసి చుట్టుకుంటూ, చాలా మామూలుగా అడిగింది.

"మాలు గట్టిగా కలిపి పూత పెట్టేశాక ఏం చేస్తారు?"

బావకి ప్రశ్న అర్థం కాలేదు. "ఏం చేస్తాం, మర్నాటినుంచీ నీళ్ళు కొడతాం."

"ఎన్ని?"

"గోడ తాగినన్ని. వారం పది రోజులు తడుపుతూనే ఉండాలి. లేకపోతే బీటలు వారదూ."

"ఆ. మాలుకి నీళ్ళు తక్కువ, గోడకి నీళ్ళు ఎక్కువ. మీరు మాలు కాదు. గోడ. ఇన్నేళ్ళూ గోడతో మాట్లాడుతున్నానని నాకు అనుమానంగానే ఉండేది."

పిన్ని పెద్దగా నవ్వింది, డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. బావ కూడా నవ్వబోయాడు. అప్పుడు అక్క ఆయన వైపు తిరిగి, "'మీ అక్కకి చెప్పకు, ఏం కాలేదు' అన్నారట," అంది. "మీ అన్నగారు కూడా 'ఏం లేదు' అనే అన్నారు." అంతే అంది. బావ నవ్వు సగంలో ఆగిపోయింది.

మర్నాటినుంచి బావ గాడిలో పడ్డాడు. పొద్దున్న ఒకే ఒక చెంచా, పెద్ద గ్లాసు నిండా నీళ్ళు, కలిపిన వెంటనే గటగట, పైన ఇంకో అరగ్లాసు. రోజులు గడిచాక, కడుపు అలవాటుపడ్డాక, డాక్టరమ్మ చెప్పినట్టు సాయంత్రం ఇంకో చెంచా. పడుకోబోయే ముందు తాగకూడదంటే తాగలేదు. పనిముట్ల సంచిలో వెన్న బిస్కెట్లు ఉండే అర ఖాళీ అయింది. వేపిన గుడ్ల చోట్లోకి ఉడికించిన బీన్స్ వచ్చాయి. వాటి గురించి ఆయన అన్న మాటలు ఇక్కడ రాయను.

సాయంత్రాలు అక్కతో నడక. ఆ నడకలో గుండెకి ఎంత మేలు జరిగిందో తెలియదుగాని, వీధిలో ఇళ్ళవాళ్ళకి మాత్రం మనశ్శాంతి పోయింది. ఎవరి ప్రహరీ వంకరగా ఉన్నా బావ ఆగిపోతాడు. జేబులోంచి రసమట్టం తీసి గోడ మీద పెడతాడు. లోపలినుంచి ఎవరో ఒకరు బయటికొస్తారు. "మీ గోడ ఇటు వాలుతోందండి" అని ఆయన, "పదండి, మన సంగతి చూసుకుందాం" అని అక్క. ఇంత చేసినా నడక మానలేదు. చిత్రమేమిటంటే, ఒక నెల తిరిగేసరికి బావ మెట్లెక్కితే ఆయాసపడటం తగ్గింది, ప్యాంటుకి బెల్టు కావలసి వచ్చింది. ఆయన మాత్రం ఇవేవీ పట్టించుకోలేదు. ఆయన కళ్ళు పైకప్పు మధ్యలోనే ఉన్నాయి. హాలంతా పూత అయిపోయింది. చుట్టూ అంచులు అయిపోయాయి. నడిమధ్య ఆ సగం పువ్వు ఒక్కటే మిగిలింది. దాని కిందనుంచి సారవ తియ్యవద్దని, మూడు నెలలు కాగానే తేలుతుందని బావ అందరినీ బతిమాలుకున్నాడు.

మూడు నెలలయ్యాక బావ మళ్ళీ పరీక్షకి రక్తం ఇచ్చాడు. ఫలితం వచ్చే రోజు నేను షాపులో ఇంకొకరిని నిలబెట్టి పైకి వెళ్ళాను. బెంచీ మీద అక్క, బావ పక్కపక్కన కూర్చున్నారు. బావ చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, పరీక్ష ఫలితాల కోసం కూర్చున్న పిల్లాడిలా ఉన్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు. ఉన్నట్టుండి తనే అన్నాడు.

"మొన్న ఆదివారం సాయంత్రం చెంచా తాగలేదు. మర్చిపోయాను."

అక్క తలతిప్పి చూసింది.

"కుడి మోకాలు కూడా వారం నుంచీ పట్టేస్తోంది. దిగేటప్పుడు ఎక్కువ. గుండెల్లో మాత్రం ఏం లేదు. ఉంటే చెబుతాను."

అక్క ఆయన మోకాలు మీద చెయ్యి వేసి, అది ఎక్కడ నొప్పిగా ఉందో నొక్కి చూసింది. నేను గోడమీది కేలండరు చూస్తూ నిలబడ్డాను. ఆ బెంచీ దగ్గర నాకు పనిలేదనిపించింది.

డాక్టరమ్మ లోపలికి పిలిచింది. అంకె దిగింది. బాగానే దిగింది, కానీ ఉండాల్సిన గీతకి ఇంకా పైనే ఉంది. "మీరు చెయ్యగలిగింది చేశారు. పొట్టు తన వంతు తను చేసింది, తిండీ నడకా తమ వంతు చేశాయి. మిగిలింది మీ ఇంటి రక్తంలోంచి వచ్చింది. దానికి చిన్న మాత్ర కావాలి. పొట్టు మానొద్దు. మాత్రకీ దానికీ మధ్య రెండు మూడు గంటలు ఎడం ఉంచండి, లేకపోతే పొట్టు మాత్రని కూడా పట్టుకుని కూర్చుంటుంది" అంది. గుండె పటం మళ్ళీ తీయించి చూశానని, పని చెయ్యడానికి తనకేమీ అభ్యంతరం లేదని కూడా చెప్పింది.

బావ చాలాసేపు ఆ కాగితం వైపు చూశాడు. గీత దగ్గర వేలు పెట్టాడు. బుడగ మధ్యకి రాలేదని ఆయన మొహమే చెప్పింది. వాదిస్తాడనుకున్నాను, ఇంకో నెల గడువు అడుగుతాడనుకున్నాను. అడగలేదు.

"మాత్ర రాయండి," అన్నాడు. తర్వాత అక్కతో, "పువ్వు పొడుగాయనతో చేయిద్దాంలే. కిందనుంచి నేను చెబుతా" అన్నాడు.

"ఎందుకు?" అంది అక్క.

"అంకె దిగలేదుగా. నువ్వే కదా అన్నావు."

"అన్నాను." అక్క ఆ కాగితం మడిచి పక్కన పెట్టింది. "మీ అన్నగారికి నొప్పి రావడం కాదు నా భయం. రోగం ఎవరికైనా వస్తుంది. వారం రోజులు నొప్పి పెట్టుకుని ఒక్కళ్ళకీ చెప్పలేదే, అదీ నాకు నిద్ర పట్టనివ్వనిది. ఆ రోజు ఆయన ఒక్క మాట అని ఉంటే, ఇవాళ ఆ పువ్వు ఆయనే బాగుచేసుకునేవారు. ముద్ద గొంతుకి అడ్డంపడితే మీరూ దాచారు. ఇవాళ అడక్కుండానే మోకాలు నొప్పన్నారు. చెంచా మర్చిపోయానన్నారు. నాకు అది చాలు. ఎక్కండి."

చీటీ రాస్తున్న డాక్టరమ్మ కలం ఆగిపోయింది. నేను కిందికి పరుగెత్తుకొచ్చి మాత్రలు తీసిపెట్టాను. లోపల మందుల అరల మధ్య నిలబడి కాసేపు ఏడ్చాను కూడా. సంతోషంతోనే.

పువ్వు పని మొదలైన రోజు మధ్యాహ్నం అక్క క్యారేజీ పట్టుకుని గ్రంథాలయానికి వెళ్ళింది. నన్ను తోడు రమ్మంది. గుమ్మం దగ్గర అక్క కాళ్ళు ఆగాయి. హాల్లో దుమ్ము, తడి సిమెంటు వాసన. పైన పలకల మీద బావ వెల్లకిలా పడుకున్నట్టు వాలి, తాపీ అంచుతో ఒక రేకు వంపు తీరుస్తున్నాడు. అక్క పిలవడానికి నోరు తెరిచింది, గొంతు రాలేదు. నేను పిలవబోయాను. ఇంతలో పిన్ని కిందనుంచి, "మేస్త్రీ, ఎవరొచ్చారో చూడు" అంది.

"వస్తున్నా," అన్నాడు బావ వెంటనే. మెల్లిగా నిచ్చెన దిగుతూ, దిగుతూనే మొదలుపెట్టాడు. "మెడ పట్టేసింది. ఎడమ భుజం బరువుగా ఉంది, అది చెయ్యి పైకెత్తి పనిచెయ్యడం వల్ల, ఇంకేం కాదు, రాత్రికి తగ్గకపోతే డాక్టరమ్మకి చెబుదాం. కంట్లో సిమెంటు పడింది, కడుక్కున్నాను. ఆకలి దంచేస్తోంది."

అక్క ఒక్కొక్క మాటకీ తలూపుతూ వింది. ఆయన నేల మీదికొచ్చి నిలబడ్డాక పైకి చూసింది. అన్నగారి పాత రేకులు, తమ్ముడి కొత్త రేకులు. ఏవి ఎవరివో నాకు తెలియలేదు. బావకి తెలుసు, వేలితో చూపించాడు. అన్నయ్య రేకుల అంచులు ఒకటో రెండో రసమట్టానికి కొంచెం వంకరగా ఉన్నాయట. సరిచెయ్యలేదు, అలాగే వదిలేశాడు. వంకరని చూసి బావ ఊరుకోవడం నేను అదే మొదటిసారి చూశాను.

ఇప్పుడు పువ్వు పూర్తయి చాలా రోజులైంది. బావ మాత్ర వేసుకుంటున్నాడు, పొట్టు తాగుతున్నాడు, అంకె గీత కిందికి దిగింది. కొత్త చిక్కు ఏమిటంటే, బావకి చెప్పడం అలవాటైపోయింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పక ముందే మొదలుపెడతాడు. చిటికెన వేలు తిమ్మిరెక్కిందంటాడు. రెండుసార్లు తుమ్మానంటాడు. మధ్యాహ్నం కొంచెం నీరసంగా అనిపించిందని, అరటిపండు తింటే తగ్గిందని, ఆ అరటిపండు మాత్రం అంత పండలేదని చెబుతాడు. అక్క మిషను తొక్కుతూ వింటూ ఉంటుంది. మొన్న వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఇదంతా నేనూ విన్నాను. ఆయన స్నానానికి లేచాక, "రోజూ ఈ పురాణమేనా, నీకు విసుగ్గా లేదూ?" అని అక్కని అడిగాను.

అక్క సూదిలోకి దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండానే అంది.

"చెప్పనీ. చెబుతున్నంతసేపూ మనిషి ఉన్నట్టేగా."